ఆదివారం గొయ్యి

మెక్సికోలోని మెరిదా నగరంలో ఇప్పుడు కోచినీతా పిబిల్‌కి కరువు లేదు. సూపర్ మార్కెట్ ఫ్రిజ్‌లలో, గాలి తీసేసిన ప్లాస్టిక్ సంచుల్లో దొరుకుతుంది. రొట్టె మధ్యన పెట్టి విమానాశ్రయంలోనూ అమ్ముతారు. మంగళవారం రాత్రి ఆకలేసినా ఫోన్‌లో నాలుగు నొక్కులు నొక్కితే గుమ్మంలోకి వచ్చేస్తుంది. లేనిదల్లా శనివారం సాయంత్రం గునపం చప్పుడు. ఉద్యోగం పేరు చెప్పి అక్కడ కొన్నేళ్లు ఉండి వచ్చినవాణ్ణి. చాలాకాలానికి ఈమధ్య మళ్లీ వెళ్లి, నేను అద్దెకున్న పేటలో ఒక శనివారం పొద్దు వాలాక వీధి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. టీవీలు వినిపించాయి, మోటారు సైకిళ్లు వినిపించాయి, ఏసీల రొద వినిపించింది. రాతి మీద ఇనుము పడిన చప్పుడు మాత్రం ఒక్క పెరట్లోంచీ రాలేదు.

కోచినీతా అంటే పిల్ల పంది. దాని మాంసానికి ఆచియోతే గింజల ఎర్రముద్ద, పుల్లనారింజ రసం పట్టించి, అరిటాకుల్లో చుట్టి, నేలలో తవ్విన పొయ్యిలో పెట్టి, పైన మట్టి కప్పేసి, రాత్రంతా అలా వదిలేసే వంట ఇది. ఆ పొయ్యిని అక్కడి మాయా జనం పీబ్ అంటారు. తెల్లారి తవ్వి తీసి, ఆదివారం పొద్దున్నే తినాలి. మధ్యాహ్నం తినేవాళ్లని ఆ ఊళ్లో ఆలస్యంగా లేచినవాళ్ల కింద జమకట్టేవారు.

యూకతాన్ ద్వీపకల్పమంతా సున్నపురాయి. చాలాచోట్ల పైన జానెడు మట్టి కూడా ఉండదు. ఉత్తర భాగంలో పేరుకైనా నది లేదు. పడిన వాన పడినట్టే రాతిలోకి ఇంకి కింద గుహల్లో పారుతుంది. గుహ పైకప్పు కూలినచోట సెనోతే అనే గుండంగా బయటపడుతుంది. అలాంటి నేలలో మోకాలి లోతు గొయ్యి తీయాలన్నా పార పనికిరాదు, గునపం కావాలి. నేను పిడుగురాళ్ల వైపు వాణ్ణి, సున్నపు బట్టీల పొగలో పెరిగినవాణ్ణి. ఎండల సంగతికొస్తే ఏప్రిల్, మే నెలల్లో మెరిదా మా రెంటచింతలకేమీ తీసిపోదు. కాబట్టి నేలా ఎండా నాకు కొత్త కాలేదు. కొత్తయింది తిండే.

మా ఇంట్లో పంది మాంసం వండరు. వండటం మాట అటుంచి, అన్నం దగ్గర ఆ పేరెత్తితేనే మా నాయనమ్మ కంచం ముందునుంచి లేచిపోయేది. ఊరి చివర పందుల్ని మేపుకునేవాళ్ల గుడిసెలుండేవి. వాళ్ల పొయ్యి మీద ఆదివారం ఏం ఉడికేదో, ఏ పులుపు వేసేవారో, ఎంతసేపు ఉడికించేవారో మా వీధిలో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా ఎవరికీ తోచలేదు. పక్క వీధి వంట తెలియకుండా ఒక మనిషి పెరిగి పెద్దవాడై, సముద్రాలు దాటి పోయి, అక్కడివాళ్ల పంది వంట మీద వ్యాసం రాయగలగడం మన ఊళ్ల మహిమే. ఆ గుడిసెల దగ్గర పందులు కూడా ఇప్పుడు లేవు. మున్సిపాలిటీ వాళ్లు వలలు వేసి పట్టుకుపోయారు. ఆ వంట ఎవరైనా రాసిపెడితే బాగుండు. రాయాల్సింది నేను కాదు, ఆ పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లు.

*

మా ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన పెద్దావిడ. అక్కడ పెద్ద వయసు ఆడవాళ్ల పేరుకి ముందు దోన్యా అని చేరుస్తారు. పేరు వదిలేసి ఆ గౌరవం ఒక్కటే ఇక్కడ ఉంచుతాను. వీధిలోంచి చూస్తే ఇల్లు ఇరుకు, వెనక పెరడు మాత్రం పెద్దది. చుట్టూ సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ. బట్టలుతికే తొట్టి నీళ్లు పారే చోట అరటి పిలకలు. ఒక మూల రామోన్ చెట్టు, దాని ఆకు పశువులకీ పందులకీ మేత. వంటింటి కిటికీకి ఎదురుగా పుల్లనారింజ.

ఆ పండుని ఎవరూ ఒలుచుకు తినరు. తొక్క మందం, గరుకు, లోపల నిండా గింజలు, రసం పులుపుతో పాటు కాస్త చేదు. దోటీతో కోసి బుట్టలో పోసేవాళ్లు. దోన్యా ముందు పైతొక్కను పల్చగా చెక్కేసేది. పిండేటప్పుడు ఆ తొక్కలోని నూనె రసంలో పడితే కూర చేదెక్కుతుందని. తర్వాత అడ్డంగా కోసి, గింజలు వేళ్ల సందున ఆపుకుంటూ గిన్నెలోకి పిండేది. మా ఇళ్లలో చింతపండు ఎన్ని వంటల్లోకి వెళ్తుందో అక్కడ ఆ రసం అన్నిటిలోకి వెళ్తుంది. ఉల్లిపాయల్లోకి, కోడికూరలోకి, పోక్ చూక్ అని నిప్పుల మీద కాల్చే పంది మాంసంలోకి, చివరికి కాల్చి నూరిన హబనేరో మిరప పచ్చట్లోకి కూడా.

పంది కూడా ఆ పెరటిదే. నల్లగా, ఒంటిమీద వెంట్రుకే లేనట్టుండే నాటు రకం. మొక్కజొన్న, రామోన్ ఆకు, రాలిన పళ్లు, వంటింటి తరుగు తిని నింపాదిగా పెరుగుతుంది. కొవ్వు ఎక్కువ. నూనె సీసాలు రాకముందు ఆ కొవ్వే ఇంటి వంటనూనె. ఆపద వస్తే అమ్ముకునే సొమ్ము కూడా ఆ పందే. పండగకో పెళ్లికో మొత్తం పందిని కోసేవాళ్లు. మామూలు ఆదివారాలకి నాలుగిళ్లవాళ్లు కలిసి పంచుకునేవాళ్లు, లేదా బజార్లో జబ్బ మాంసం తెచ్చుకునేవాళ్లు.

ఆచియోతేని చూసి మొదటిరోజు నేను ఆశ్చర్యపోయాను. విశాఖ మన్యంలో ముళ్లకాయల్లోంచి తీసి ఎండబెట్టే జాఫ్రా గింజలే అవి. మన దగ్గర రంగుకోసం బయటికి అమ్ముకునే సరుకు. అక్కడ మసాలాకి అదే ప్రాణం. గింజలు రాయంత గట్టివి, నానబెట్టి నూరాలి. కాల్చిన వెల్లుల్లి, మిరియాలు, జీలకర్ర, లవంగం, వాళ్ల వాము వాసన ఆకు, ఆల్‌స్పైస్ గింజ, ఉప్పు కలిపి మెత్తగా నూరితే రెకాదో అనే ముద్ద. దోన్యా వాళ్లమ్మ మూడు కాళ్ల రాతి మీద నూరిందట. దోన్యా కాలానికి వీధి మలుపులో మర వచ్చింది. తోర్తియా అనే రొట్టెలకి సున్నపునీళ్లలో ఉడికిన మొక్కజొన్న రుబ్బే మర. దాని పక్కనే మసాలాలకి ఇంకోటి. శనివారం మధ్యాహ్నం ఆ మర ముందు ఆడవాళ్ల వరుస, బెల్టు టపటపలు, అందరి వేళ్లూ గోళ్లూ ఎరుపు. ఆ ఎరుపు గుడ్డకంటితే సబ్బుకి లొంగదు. నా తెల్ల చొక్కా ఒకటి అలాగే పోయింది.

*

గొయ్యి మగవాళ్ల పని. ప్రతిసారీ పాత చోటే, పెరటి మూల. అయినా వానలకి బూడిదా మట్టీ కలిసి గట్టిపడి ఉండేది కనుక గునపం తప్పేది కాదు. దోన్యా పెద్దకొడుకు పొడిచేవాడు, చిన్నవాడు ఎత్తిపోసేవాడు. గోడ అవతల ఇంకో పెరట్లోంచి కూడా అదే చప్పుడు వస్తుంటే ఇద్దరూ ఒకరినొకరు కేకేసుకునేవాళ్లు, ఎవరిది ముందు అంటుకుంటుందని.

గోతిలో హబీన్, కత్సీన్ లాంటి గట్టి కలప. వాటి మీద పిడికిలంత నుంచి తలకాయంత దాకా రాళ్లు. కింద కట్టెలు కాలి కూలే కొద్దీ రాళ్లు కిందికి జారి నిప్పుల్లో కూర్చుంటాయి. రాయి ఎంచుకోవడం ఒక విద్య. కొన్ని రాళ్లు వేడికి టప్పున పగిలి ముక్కలు ఎగరేస్తాయి. సున్నపు బట్టీల ఊరివాణ్ణి కదా అని నా తెలివి చూపించబోయాను. "ఈ గొయ్యికి తెలిసిన రాళ్లు ఇవి, నీ రాళ్ల మాట మాకొద్దు" అన్నాడు పెద్దకొడుకు. కిందటి వారం పగలనివే ఈ వారం మళ్లీ వేస్తాడన్నమాట. చూడగా చూడగా అర్థమైంది, వాళ్లకి ఒక్కో రాయీ గుర్తే.

వంటింట్లో ఈలోగా దోన్యా అరిటాకుల్ని పొయ్యి సెగ మీద అటూ ఇటూ లాగి మెత్తబరిచేది, మడతలో చిరగకుండా. పెద్ద డేగిసా అడుగున ఆకులు పరిచి, మధ్యాహ్నం నుంచి రెకాదోలో నారింజ రసంలో నానిన మాంసం ఎముకలతో సహా సర్ది, మిగిలిన రసం పోసి, కాస్త కొవ్వు వేసి, ఆకుల అంచులు లోపలికి మడిచి మూసేది. కట్టెలన్నీ నిప్పులై, రాళ్లు తెల్లబడ్డాక ఆ డేగిసా లోపలికి దిగేది. పైన పచ్చికొమ్మలు, వాటి మీద రేకు, రేకు మీద గోనెసంచులు, సంచుల మీద మట్టి. ఆ తర్వాత అందరూ గొయ్యి చుట్టూ వంగి చూసేవాళ్లు, ఎక్కడైనా పొగ లేస్తోందా అని. సన్నని తీగంత పొగ కనిపించినా పిల్లాడెవడో పరుగెత్తి దోసెడు తడిమట్టి తెచ్చి మెత్తేవాడు. గాలి లోపలికి పోతే నిప్పు మళ్లీ రాజుకుంటుంది, అడుగు మాడుతుంది. పొగ పూర్తిగా ఆగిపోయాకే మగవాళ్లు బీరు సీసాలు తీసేవాళ్లు.

వంట అంతే. ఇక చేయడానికేమీ లేదు. మూత తీసి చూడటం, గరిటె పెట్టి కలపడం, ఉప్పు చాలిందా అని నాలిక మీద వేసుకోవడం, ఏదీ కుదరదు. సాయంత్రం చేసిన తప్పు పొద్దున గానీ తెలియదు. వండేవాళ్లకి అంత నిగ్రహం నేనింకెక్కడా చూడలేదు. మా అమ్మయితే అర్ధరాత్రి లేచి తవ్వి చూసేది.

లోపల ఏం జరుగుతుందో తర్వాత చదివి తెలుసుకున్నాను. జబ్బ, తొడ మాంసంలో కండకి కండకి మధ్య గట్టి పొరలుంటాయి. డెబ్బై డిగ్రీల పైన గంటల తరబడి తడి వేడిలో ఉంటేనే అవి కరిగి జిగురవుతాయి. తొందరపెడితే కండ ఎండిపోతుంది గానీ పొర కరగదు. పులుపు ఆ పనికి సాయపడుతుంది. అయితే ఒక్కపూట నానబెడితే రసం లోతుకి దిగదు, పైపైనే ఉంటుంది. రాత్రంతా ఆ రసం ఆవిరిలోనే ఉడకడం వల్ల ఆ పులుపు మాంసమంతా అందుకుంటుంది. గోతిలో ఇంకో సుగుణం ఉంది. మొదట వేడి ఎక్కువ, తర్వాత రాళ్లు చల్లబడుతున్న కొద్దీ దానంతటదే తగ్గుతూ వస్తుంది. ఎవరూ మంట తగ్గించక్కర్లేదు.

తెల్లవారుజామున రేకు మీద పార గీసిన చప్పుడుకి నాకు మెలకువ వచ్చేది. డేగిసా పైకి తీసి ఆకు విప్పితే ముందు నారింజ వాసన, దాని వెనకే పొగ వాసన, ఆ వెనక ఉడికిన అరిటాకు. ఎముక పట్టుకుని లాగితే శుభ్రంగా వచ్చేసేది, మాంసం నానిన కొబ్బరిపీచు విడిపోయినట్టు పోగులు పోగులుగా విడిపోయేది. అడుగున ఎర్రని రసం. దోన్యా ముందు పళ్లేలు సర్ది గోడ మీదుగా ఇరుగుపొరుగులకి అందించేది. తర్వాత గుమ్మం ముందు బల్ల వేసి కూర్చునేది. మిగిలింది అమ్మకానికి. వేడి తోర్తియాలో మాంసం, పైన నారింజ రసంలో ఊరి గులాబీ రంగుకి తిరిగిన ఉల్లిపాయలు, ఓ బొట్టు హబనేరో. చర్చికి వెళ్లేవాళ్లు కొందరు ముందు తిని వెళ్లేవాళ్లు, కొందరు తమ వాటా తీసి ఉంచమని చెప్పి వెళ్లేవాళ్లు. ఎండ గోడ దిగేలోపు గిన్నె ఖాళీ. ఆ డబ్బు ఆ వారం ఇంటి ఖర్చులో పెద్ద భాగమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

*

ఇదంతా అనాది మాయా వంట అని అక్కడి హోటళ్ల గోడల మీద రాసుంటుంది. అందులో సగమే నిజం. పందులు 1493లో కొలంబస్ రెండో ప్రయాణంలో ఓడెక్కి కరీబియన్ దీవుల వైపు వచ్చాయి. నారింజ గింజలూ ఆ ఓడల్లోనే వచ్చాయి. 1518లో ఈ తీరం వెంట వచ్చిన సైనికుడు బెర్నాల్ దియాస్, తోనలా దగ్గర ఒక గుడి పక్కన తానే నారింజ గింజలు నాటానని ముసలితనంలో రాసుకున్నాడు. అరటిని 1516లో ఒక మతగురువు కానరీ దీవుల నుంచి శాంతో దొమింగోకి తెచ్చాడు. వెల్లుల్లి, జీలకర్ర, మిరియాలు, లవంగం అన్నీ సముద్రం దాటొచ్చినవే. ఇక నారింజ జాతి పుట్టిల్లు మన ఈశాన్యం, బర్మా, యునాన్ కొండల వైపు. పుల్లనారింజ అయితే పంపరపనసకీ కమలాకీ పుట్టిన సంకరం.

ఆ నేలకి సొంతమైనవాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి ఆచియోతే. రెండోది గొయ్యి. స్పెయిన్‌వాళ్లు రాకముందు అదే గోతిలో జింకనీ టర్కీ కోడినీ కాల్చేవాళ్లు. వచ్చినవాటన్నిటికీ ఆ గొయ్యే చోటిచ్చింది. ఐదు వందల ఏళ్లకి చూస్తే వచ్చినవన్నీ స్థిరపడ్డాయి. పంది ఉంది, నారింజ రసం ఉంది, అరిటాకు ఉంది. చోటిచ్చిందే ఊళ్లోంచి వెళ్లిపోయింది. నన్ను బాధపెట్టేది ఇదే. "పాతది పోయింది, కొత్తది వచ్చింది" అని ఊరుకోవడానికి ఇది మామూలు లెక్క కాదు.

ఎందుకు పోయిందంటే కారణం ఒకటి కాదు. కొడుకులు వాటాలు పంచుకుని పెరట్లో గదులు కట్టారు, మిగిలిన జాగాకి సిమెంటు పోశారు. కట్టె కొనాలంటే గ్యాసు కన్నా ఖరీదు. నల్లపంది పోయి, ఆరు నెలలు తిరక్కుండా వంద కిలోలకి ఎదిగే తెల్ల సీమపంది వచ్చింది. దానికి కొవ్వు తక్కువ, అంతసేపు గోతిలో ఉంచితే పీచుగా పొడిబారుతుంది. నారింజ చెట్లకి కూడా పాడుకాలం వచ్చింది. ఆకులు మచ్చలు మచ్చలుగా పచ్చబడి, కాయలు వంకరపోయి, చివరికి చెట్టునే చంపే తెగులు మెక్సికోలో మొదట బయటపడింది ఈ యూకతాన్ రాష్ట్రంలోనే, 2009లో, తిజిమీన్ ప్రాంతంలో. చిన్న పురుగు రసం పీలుస్తూ దాన్ని చెట్టు నుంచి చెట్టుకి మోస్తుంది. మందు లేదు. దోన్యా కిటికీ ముందు చెట్టు ఇప్పుడు లేదు. ఏ తెగులుతో పోయిందో అడిగితే, "ముసలిదైంది నాయనా" అంది. ఇప్పుడు చాలా ఇళ్లలో తీపి బత్తాయి రసంలో నిమ్మరసం కలిపి పని కానిస్తున్నారు. పులుపు కుదురుతుంది. ఆ చిరుచేదు కుదరదు. నా మటుకు నాకు ఆ చేదు లేని కోచినీతా తియ్యగా వెగటుగా ఉంటుంది.

పెరటి పంది పోయినచోట షెడ్ల పంది వచ్చింది. దాని లెక్క వేరు. హోమూన్ అనే ఊరి చుట్టూ సెనోతేలున్నాయి, వాటిని చూడ్డానికొచ్చే జనంతోనే ఊరి బతుకు. ఆ ఊరి పక్కన 49,000 పందుల షెడ్లు వచ్చాయి. రాతి కింద నీరంతా ఒకటే, పైన పోసింది కిందికి పోకుండా ఆపే మట్టి లేదు. ఊరివాళ్లు ఓట్లు వేసి కాదన్నారు, పిల్లల పేరిట కోర్టుకెక్కారు. 2018లో జడ్జి దాన్ని ఆపమన్నాడు. ఒక్కో పెరట్లో ఒక్కో పంది ఉన్న రోజుల్లో ఈ గొడవ ఊహకందేది కాదు. అయితే నగరం మొత్తానికి ఏడు రోజులూ పంది మాంసం కావాలంటే పెరళ్లు చాలవు, అదీ నిజమే. మంగళవారం రాత్రి ఫోన్‌లో నొక్కి తెప్పించుకున్న నాకు ఆ షెడ్లని తిట్టే హక్కు ఎంతుందో నాకే తెలియదు.

గొయ్యి పోవడం అందరికీ నష్టం కాదన్నది దోన్యా కోడలి మాట. శనివారం ఆమెకి సెలవు. ఇదివరకు శనివారమంటే మర దగ్గర వరుస, ఆకులు సెగ చూపించడం, తెల్లారి నాలుగింటికి లేవడం. ఇప్పుడు రెకాదో పొట్లంలో కొంటుంది, మాంసం ప్రెషర్ కుక్కర్‌లో వేస్తుంది, గంటలో అయిపోతుంది. ఆమె వండింది తిన్నాను. మెత్తగానే ఉంది, పొగ లేదు. ఆ మాట నెమ్మదిగా దోన్యాతో అన్నాను.

"గొయ్యికీ గ్యాసుకీ తేడా నీ నాలిక్కి తెలుస్తుంది. నా నడుముకి కూడా తెలుస్తుంది. ఎవరి తేడా పెద్దది?" అందావిడ.

అలా అడిగితే ఏం చెబుతాం. అయితే ఆవిడ ఇంకో మాట కూడా అంది, అది కోడలు వినకుండా. గుమ్మం ముందు బల్ల వేసుకున్న రోజుల్లో ఆ డబ్బు నా చేతిలో ఉండేది, ఇప్పుడు మందులకి కూడా కొడుకుని అడగాలి, అని.

*

పల్లెల్లో గొయ్యి ఇంకా ఉంది. పెళ్లిళ్లకీ ఊరి పండగలకీ తవ్వుతారు. నగరంలో మిగిలింది ఏడాదికొక్కసారే, నవంబరు మొదట్లో, చనిపోయినవాళ్లు ఇంటికి భోజనానికి వస్తారని నమ్మే హనల్ పిశాన్ రోజుల్లో. అప్పుడు చేసేది కోచినీతా కాదు. మొక్కజొన్న పిండిలో కోడి, పంది మాంసం, ఆచియోతే పులుసు పెట్టి అరిటాకులో కట్టే పెద్ద రొట్టె. అది గోతిలోనే కాలాలి. పోయినవాళ్లకి గ్యాసు వంట పెడితే బాగోదని కుక్కర్ వాడే కోడళ్లు కూడా ఒప్పుకుంటారు.

పెరళ్లకి సిమెంటు పోసుకున్నవాళ్లు దానికో దారి కనిపెట్టారు. పేటలోని రొట్టెల బట్టీకి పట్టుకెళ్తారు. ఇంట్లో కట్టిన రొట్టెని పళ్లెంలో పెట్టి, మీద కాగితం ముక్క మీద ఇంటిపేరు రాసి, వరుసలో నిలబడతారు. బట్టీవాడు పళ్లేనికింత అని తీసుకుని, చీటీ ఇచ్చి, ఫలానా గంటకి రమ్మంటాడు. నేను వెళ్లినప్పుడు ఆ వరుస మలుపు దాటి మర ఉన్న చోటు దాకా ఉంది. మర ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు. వరుసలో ఉన్నవాళ్లంతా ఒకటే గొణుగుడు: పోయినేడు మా రొట్టె తొందరగా తీసేశాడు, అడుగు సరిగా కాలలేదు, ఈసారి ఇంకాసేపు ఉంచమనాలి. దోన్యా తన పళ్లెం కోడలికిచ్చి పంపలేదు, తానే పట్టుకుని నిలబడింది. తన వంతు రాగానే బట్టీవాణ్ణి అడిగింది, ఏ కట్టె వాడుతున్నావని. కట్టె కాదు దోన్యా, డీజిలు అన్నాడు. సరే, అయితే కింది అరలో పెట్టు అని చెప్పి చీటీ తీసుకుంది.